ఇటుకెక్కి ఇచ్చిన కొలతలు

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు లైటు వేయబోయి గోడను తడుముతారు. తలుపు పక్కన, తల ఎత్తున, చెయ్యి అలవాటుగా పోయే చోట వాళ్లకు ఉత్త గోడ తగులుతుంది. పైకి తడుముతారు, పక్కకు తడుముతారు, చివరికి నా వంక చూస్తారు. నేను చెప్పను. కుట్టుమిషను ఆపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూచుంటాను. చెయ్యి దిగుతూ దిగుతూ నా భుజం ఎత్తుకు వచ్చినప్పుడు బోర్డు దొరుకుతుంది. "ఇదేంది, ఇంత కిందుంది?" అని వాళ్లు అడిగే ఆ ఒక్క ప్రశ్న కోసం నేను ఎంత తొందర పనైనా ఆపుతాను.

నేను పొట్టిదాన్ని. నాలుగడుగుల చిల్లర ఉంటాను. ఆ చిల్లర ఎంతో చెప్పను. జాకెట్లు కుట్టి బతికేదాన్ని, మా వీధిలో ఆడవాళ్లందరి కొలతలూ నా దగ్గర ఉన్నాయి, ఒక్కరివీ బయటపెట్టలేదు. నావి మాత్రం ఎందుకు పెట్టాలి? పొట్టిగా ఉన్నందుకు నాకెప్పుడూ దిగులు లేదు. బస్సులో ఇరుకు సీటైనా హాయిగా కాళ్లు చాపుకుంటాను. వేరేవాళ్లకు పనికిరాని మిగులు ముక్కలో నా జాకెట్టు వెళ్లిపోతుంది. నా పేచీ అంతా కరెంటు బోర్డులతోనే.

మా ఆయనది లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని. మొదట మిర్యాలగూడలో, బియ్యం మిల్లుల లోడ్లు. తర్వాత కోదాడలో, మేళ్లచెరువు వైపు నుంచి వచ్చే సిమెంటు లోడ్లు. ఇప్పుడు సూర్యాపేట. ఊరు మారినప్పుడల్లా కిరాయి ఇల్లు మారింది గానీ బోర్డులు మారలేదు. ఏ ఇంట్లో చూసినా అవి పొడుగు మనుషుల తలల ఎత్తున, కొన్ని ఇంకా పైన ఉండేవి. పిల్లలకు అందకూడదని అలా పెడతారట. పిల్లలకు అందకుండా పెట్టినవి నాకూ అందలేదు. అందుకని ఒక ఎర్ర ప్లాస్టిక్ స్టూలు కొనుక్కున్నాను. సామాను బండికి ఎక్కించినప్పుడల్లా అందరికన్నా చివర ఎక్కేది, ముందు దిగేది అదే.

స్టూలు చేతికి అందకపోతే అత్తమ్మ ఉండేది. మా అత్తమ్మది చివ్వెంల దగ్గర పల్లె. గొర్ల వెంబడి నడిచి నడిచి పెరిగిన మనిషి, పొడుగ్గా, నిటారుగా, కొడుకు కన్నా రెండు వేళ్లు ఎక్కువే ఉంటుంది. మామయ్య పోయి, మందను అమ్మేసినప్పటి నుంచి మాతోనే ఉంటుంది. పొద్దు గూకే వేళకు నేను మిషను మీద నుంచి లేవకుండానే "అత్తమ్మా, జర లైటెయ్యి" అనేదాన్ని. ఆమె ఏ మూల ఉన్నా వచ్చి, చెయ్యెత్తి, టిక్కుమని వేసి వెళ్లిపోయేది. కోదాడలో పుట్టిన నా నోటికి ఈ 'జర' అనే మాట ఆమె దగ్గరే పట్టుబడింది.

మిర్యాలగూడ ఇంట్లో ఒక సాయంత్రం మాత్రం నాకు బాగా గుర్తు. అత్తమ్మ ఊరికి వెళ్లింది. మా ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. ఒక పెళ్లికూతురి జాకెట్టుకు హుక్కులు కుట్టి ఇవ్వాలి, వాళ్ల మనుషులు వచ్చే టైమయింది. లైటు వేద్దామని ఎక్కితే స్టూలు కాలు పుటుక్కున విరిగింది. పక్కింటావిడను పిలిచి "కొంచెం లైటు వెయ్యండి" అని అడగడానికి నోరు రాలేదు. పెళ్లయి, మనిషినై, పది మందికి బట్టలు కుట్టేదాన్ని, నా ఇంట్లో లైటుకు ఇంకొకరిని పిలవడమా? గడపలో కూచుని, వీధి లైటు వెలుగులో ఆ హుక్కులు కుట్టాను. కుడుతూ ఏడ్చాను. లైటు అందలేదని ఏడ్చానంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అలాంటిదే ఇంకో ఎర్ర స్టూలు మర్నాడే వచ్చింది. కానీ ఆ గడపలో కూచున్నప్పుడే ఒకటి గట్టిగా అనుకున్నాను. ఎప్పటికైనా ఇల్లు కట్టుకుంటే, అది రెండు గదులైనా సరే, అందులో ప్రతి బోర్డూ నా చేతికి అందాలి. ఎవరినీ పిలవకుండా, ఏదీ ఎక్కకుండా. ఇంటి గురించి నా కోరిక అంతే. హాలు, బాల్కనీ, గేటు డిజైను అన్నీ మా ఆయన ఇష్టానికి వదిలేశాను.

చివరికి ఆ ఇల్లు వచ్చింది. సూర్యాపేట నుంచి చివ్వెంల పోయే దారిలో, కొంచెం లోపలికి, ఒక చిన్న జాగా. గోడలు లేచాయి, స్లాబు పడింది, గోడల్లో సన్న కాలువల్లా గాళ్లు కొట్టి కరెంటు పైపులూ నీళ్ల పైపులూ వేశారు, బోర్డుల ఇనుప డబ్బాలు బిగించారు. సోమవారం నుంచి ప్లాస్టింగ్ అన్నాడు మేస్త్రీ. ప్లాస్టింగ్ అయితే గోడ లోపలిది ఇక లోపలే. శనివారం మధ్యాహ్నం నేను టేపు మెడలో వేసుకుని, ఒక్కదాన్నే చూడడానికి వెళ్లాను.

మెట్లెక్కి లోపలికి పోగానే సంబరంతో ఏం చెయ్యాలో తెలియలేదు. తలుపుల్లేని గుమ్మాల్లోంచి వెళ్లాను, కిటికీ పెట్టబోయే ఖాళీలోంచి తలపెట్టి చూశాను. వంటింట్లో నిలబడి లేని పొయ్యి మీద లేని పాలు కాచాను. తర్వాత నా మిషను పెట్టుకోబోయే గదికి వచ్చి, లైటు వేసినట్టు చెయ్యి చాచాను. గోడ తగిలింది. తలెత్తి చూస్తే బోర్డు డబ్బా నా నెత్తి మీద, మునివేళ్ల మీద లేచినా అందనంత ఎత్తున నోరు తెరుచుకుని ఉంది. పక్క గదికి పరుగెత్తాను, అక్కడా అంతే. ఇల్లంతా అంతే.

మా ఎలక్ట్రిషన్ పనిచేసే పద్ధతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన టేపు వాడడు. మనిషి ఆరడుగుల పైమాటే. గోడకు వీపు ఆనించి నిలబడి, అరచెయ్యి తన నెత్తి మీద బల్లపరుపుగా పెట్టి, అలాగే వెనక్కి తిరిగి పెన్సిల్‌తో గీత గీస్తాడు. బోర్డు ఆ గీత మీద వస్తుంది. టైలర్లం మేము కొలతకు ఆది జాకెట్టు అడుగుతాం, ఏ మనిషికి కుడుతున్నామో ఆ మనిషిది. ఊళ్లో ఆయన పనిచేసిన ఇండ్లన్నింటికీ ఆయన తలకాయే ఆది. నాకు కోపం నషాళానికి ఎక్కింది. అక్కడే ఇసుక కుప్ప మీద కూచుని ఫోన్ చేశాను.

"అన్నా, బోర్డులన్నీ మీ తలకాయ కాడ పెట్టారేంటి?"

"పిల్లగాళ్లకు అందొద్దు గదక్కా."

"నాకు అందట్లేదు."

అవతల సుత్తి చప్పుడు ఆగింది. నా ఆకారం గుర్తు చేసుకుంటున్నాడని అర్థమైంది. "గట్ల జెప్తే ఎట్లక్కా, సోమారం ప్లాస్టింగాయె. నేను మిర్యాలగూడల ఫంక్షన్‌హాల్ పనిల ఉన్న" అన్నాడు. నేను మిర్యాలగూడ పేరు వినగానే ఇంకా గట్టిగా మాట్లాడానేమో, చివరికి ఆయనే దారి చెప్పాడు. "రేపు ఏ గోడకు ఏడిదాంక దించాల్నో ఆడ చెయ్యి పెట్టి ఫొటోలు కొట్టు. వాట్సాపుల పంపు. ఇటుక వరసలు లెక్కపెట్టుకుంట దించుత. సోమారం పొద్దుగాల్నే వస్త. మేస్త్రీ సిమెంటు మాలు కలిపేలోపు ఖతం చెయ్యాలె మరి."

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాను. మా ఆయన ఎగిరి గంతేశాడు. బోర్డుల కోసం కాదు, ఫొటోల కోసం. వాళ్ల ఆఫీసులో లోడు ఎక్కిన లారీకి టార్పాలిన్ పట్టా కప్పక ముందే నాలుగు పక్కలా ఫొటోలు తియ్యాలి, లేకపోతే తర్వాత తంటా. అదీగాక కోదాడ ఇంట్లో గడియారం తగిలించడానికని ఒక మేకు కొట్టి, గోడలోని నీళ్ల పైపును సరిగ్గా నడిమధ్యలో పొడిచిన చరిత్ర ఆయనది. నీళ్లు ఎదురు గోడ దాకా చిమ్మాయి, ఇంటి ఓనరమ్మ వచ్చి చూసేసరికి మేమిద్దరం ఒకే తువ్వాలుతో గోడను అదుముకుని నిలబడి ఉన్నాం. "లోపల ఏడేడ ఏమున్నదో అన్నీ ఫొటో తియ్యాలె. ఈ ఇంట్ల మాత్రం నేను మేకు గుడ్డిగ కొట్ట" అన్నాడు.

అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "లోకంల ఏ ఇంటికి లేంది మనకెందుకే? వచ్చినోళ్లు నవ్వరా? బొమ్మరిల్లు గట్టుకున్నరంటరు."

"నవ్వితే నవ్వనియ్యి అత్తమ్మా. జాకెట్టు ఎవరు తొడుక్కుంటారో వాళ్ల కొలతకే కుట్టాలి. పొద్దస్తమానం ఆ ఇంట్లో ఉండేది నేను."

"మరి నేను? లైటెయ్యనీకి నేనున్న గద" అంది.

"ఎన్నాళ్లని నిన్ను లేపుతా" అన్నాను. ఆమె చాట ముందుకు లాక్కుంది. బియ్యంలో రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. ఆ బియ్యంలో రాళ్లు లేవు, అవి పొద్దున నేనే ఏరి పెట్టాను. నా సంబరంలో నాకు అది పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే కోదాడ నుంచి మా అక్కా బావా బండి మీద దిగారు, పెద్ద డబ్బా నిండా పులిహోరతో. ఇల్లు ఇంకా గోడల మీద ఉండగానే చూడాలన్నారు, పిలవకపోయినా వచ్చేవాళ్లే. అందరం కలిసి ఇంటి దగ్గరికి పోయాం. నా చేతిలో టైలరింగ్ సుద్ద, మెడలో టేపు. మా ఆయన ఫోన్ నిండా ఛార్జింగ్ పెట్టుకుని, పాత ఫొటోలు తీసేసి, జాగా చేసుకుని వచ్చాడు. మా పెళ్లి ఫొటోలు కూడా తీసేశాడేమోనని నాకు అనుమానం వచ్చి అడిగాను, కంప్యూటర్లో ఉన్నాయన్నాడు.

మొదటి గదిలో గోడ పక్కన నిలబడి, నా భుజం దగ్గర సుద్దతో గీత గీశాను. అప్పటిదాకా గుమ్మంలో మూతి ముడుచుకుని నిలబడ్డ అత్తమ్మ నోరు విప్పింది. "గట్ల గీస్తే ఎట్లనే పిల్లా? రేపు మొరం నింపి బండలేస్తే నేల ఎత్తయితది. అప్పుడు నీ బోర్డు మోకాళ్ల కాడికి వస్తది. ఇటుకెక్కు."

అందరం ఆమె వంక చూశాం. నిజమే, నేల ఇంకా పడలేదు. నేను నిలబడ్డది నా ఇంటి నేల మీద కాదు, దాని అడుగున. బావ ఒక ఇటుక తెచ్చి వేశాడు, అత్తమ్మ కాలితో తట్టి చూసి దాని మీద ఒక రాతి పలక పెట్టించింది. నేను ఎక్కాను. ఇన్నేళ్ల స్టూలు దిగడానికి ముందు ఇటుకెక్కాల్సి వచ్చింది. అది తట్టగానే నవ్వు ఆగలేదు. ఇటుక మీద నుంచి పడబోతే అక్క పట్టుకుంది, పట్టుకున్నందుకు తనూ నవ్వింది.

ఆ ఇటుకను గది గదికీ మోసుకుపోయాం. ప్రతి గోడ దగ్గరా ఎక్కి, భుజం దగ్గర గీత గీసి, గీత మీద అరచెయ్యి పెట్టి నిలబడితే మా ఆయన ఫొటో కొట్టేవాడు. తర్వాత వీడియో. వీడియోలో ఆయన గొంతు మారిపోయేది, లారీ నంబరు రాయించేటప్పటి గొంతు. "ఇది పడమటి గది. ఎడమ పక్క గోడ. కరెంటు పైపు స్లాబు నుంచి తిన్నగ దిగుతున్నది. గోడ పక్కన ఉన్నది నా భార్య." బావ వెనక నుంచి "లోడెంత?" అని అడిగేవాడు. ఆ వీడియోల్లో ఎక్కడ చూసినా పైపుల కన్నా నవ్వులే ఎక్కువ వినబడతాయి.

మా ఇద్దరికీ పోట్లాటలు కూడా అయ్యాయి. "జర జరుగు, నీళ్ల పైపు కనబడతలేదు" అంటాడు ఆయన. "ఫొటో నాకా, పైపుకా?" అంటాను నేను. స్నానాల గదిలో నల్లా నా మెడ దగ్గరికి, పై నుంచి నీళ్లు పడే పైపు నా నెత్తి మీద జానెడు ఎత్తుకు. వంటింట్లో మిక్సీ ప్లగ్గు మోచేతి దగ్గరికి. మిషను గదిలో మాత్రం నేను కాసేపు నవ్వడం ఆపాను. ఇటుక మీద నిలబడి, కళ్లు మూసుకుని, లేని కుర్చీలోంచి లేచినట్టు ఊహించుకుని చెయ్యి చాచాను. చెయ్యి ఎక్కడ తాకిందో అక్కడే గీత గీశాను. కళ్లు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. ఎండకనుకుంటారని ఊరుకున్నాను.

చివరికి మిగిలింది వాకిలి గోడ. బయటి లైటు బోర్డు దాని మీద ఉంది. అక్కడికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది, అందరికీ ఆకలి. అక్క "అందరం కలిసి ఒక్క ఫొటో దిగుదాం" అంది. ఫోన్‌ను సిమెంటు బస్తా మీద ఆనించి, టైమర్ పెట్టి, మా ఆయన పరుగెత్తుకొచ్చి నిలబడేవాడు. ఒకసారి బావ కళ్లు మూశాడు. ఒకసారి ఫోన్ పడిపోయింది. ఒకసారి నేను ముందు నిలబడితే కూచున్నాననుకుని అక్క నన్ను లేవమంది. అత్తమ్మ గోడకు దగ్గరగా, నిటారుగా నిలబడింది. "అమ్మా, జర ఇటు జరుగు, నడిమిట్లకు రా" అంటే, "గీడ్నే మంచిగున్న" అంది. కదలలేదు.

ఫొటో బాగా వచ్చింది. వాకిట్లోనే కూచుని పులిహోర తిన్నాం. తిని లేచాక వాకిలి గోడ సంగతి అడిగితే, "ఫొటోల వచ్చింది గద" అన్నాడు మా ఆయన. వచ్చిందనే నేనూ అనుకున్నాను. అప్పటికే ఇటుకను పక్కన పారేశాం.

సోమవారం మేము వెళ్లేసరికి మేస్త్రీ మనుషులు గోడలన్నీ నీళ్లతో తడిపేశారు. ప్లాస్టింగ్‌కు ముందు తడపాల్సిందే. నా సుద్ద గీతలు ఒక్కటీ లేవు. గోడ వెంట పరుగెత్తి వెతికాను. ఎలక్ట్రిషన్ మాత్రం ఫోన్ తీసి, మేము పంపిన ఫొటోలో నా అరచెయ్యి నేల నుంచి ఎన్నో వరస ఇటుక మీద ఉందో లెక్కపెట్టి, అదే వరస గోడ మీద వెతికి సుత్తి వేశాడు. పాత డబ్బా పీకడం, కింద బొక్క కొట్టడం, పైపు అతికి దించడం. వెనకాలే మేస్త్రీ, "మాలు గట్టిపడుతున్నదయా, జల్ది కానియ్యి" అని అరుపులు. ఒక గోడకు సుత్తి, పక్క గోడకు సిమెంటు. "అక్కా, నా జిందగీల గింత కింద బోర్డు పెట్టలే" అన్నాడు ఎలక్ట్రిషన్. అది మెచ్చుకోలే అనుకున్నాను.

ఎర్ర ఇటుకలు ఒక్కో వరసే మూసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. పైపులు పోయాయి, గాళ్లు పోయాయి. గోడ నున్నగా అయింది. లోపల ఏముందో ఫోన్‌లో మా దగ్గర ఉంది, ఇక ఎవరికీ కనబడదు. కుట్టు లోపలికి పెట్టి కుట్టిన జాకెట్టు లాగా ఉంది ఇల్లు. ఆ రోజంతా నేను అన్నం తినడం కూడా మరిచిపోయాను.

తర్వాత రెండు రోజులకు బయట కూడా ప్లాస్టింగ్ అయింది. ఛాయ్ పట్టుకుని వాకిట్లోకి వచ్చి తలెత్తితే, బయటి లైటు బోర్డు ఎక్కడిది అక్కడే ఉంది, ఎలక్ట్రిషన్ తలకాయ ఎత్తున. ఛాయ్ ఒలికింది. ఆయనకు ఫోన్ చేసి అడగాల్సినవన్నీ అడిగాను. ఆయన ఓపికగా విని, "ఆ ఫొటోల నీ చెయ్యి లేదక్కా. చెయ్యి ఉన్న కాడ దించిన, లేని కాడ ఇడిసిపెట్టిన" అన్నాడు. ఫొటో తీసి చూశాను. నిజమే. అందరం ఉన్నాం, పళ్లన్నీ బయటపెట్టి ఉన్నాం. బోర్డు ఉండాల్సిన చోట అత్తమ్మ తల ఉంది. లోపలికి పోయి మా ఆయనను తిట్టాను. పాపం, ఆయన ఫొటోను పెద్దది చేసి, అత్తమ్మ కొంగు పక్కన డబ్బా మూల ఒకటి కనబడుతోందని చూపించాడు. దాంతో ఇంకో రెండు తిట్లు తిన్నాడు.

ఎలక్ట్రిషన్ వచ్చి దించుతానన్నాడు. ఇవాళ, రేపు అంటూనే ఉన్నాడు. ఇంటికి రంగులు వేస్తుంటే, ఆ ఒక్క గోడకు వేయనివ్వలేదు. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా ఇల్లంతా కొత్త రంగు, వాకిలి గోడ మాత్రం బూడిద రంగులో ఉండడం చూసి ఏమైందని అడిగారు. "పని ఉంది" అన్నాను. లోపల మాత్రం నా పండగ నాది. చుట్టాలు గోడలు తడుముతుంటే నేను ప్రతి గదికీ పోయి, అవసరం ఉన్నా లేకపోయినా లైట్లు వేశాను, తీశాను, మళ్లీ వేశాను. ఫ్యాన్లు తిప్పాను. మునివేళ్ల మీద లేవకుండా, ఎవరినీ పిలవకుండా. ఎర్ర స్టూలు ఇక నాకు పనిలేదని వాకిట్లో పడేశాను, చెప్పులు తొడుక్కునేవాళ్లు కూచుంటారని. దాని మీద అత్తమ్మ కూచోవడం మొదలుపెట్టింది.

కొత్తింట్లో కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం మిషను గదిలో ఉన్నాను. పొద్దు గూకింది. కుర్చీలోంచి కొంచెం లేచి లైటు వేసుకున్నాను, కళ్లు మూసుకుని గీసిన గీత గదా, చెయ్యి సరిగ్గా అక్కడికే పోయింది. తలెత్తితే గుమ్మంలో అత్తమ్మ. కుడి చెయ్యి పైకెత్తి ఉంది, పాత అలవాటు. గోడ మీద ఆ ఎత్తున ఏమీ లేదు, లైటు అప్పటికే వెలుగుతోంది. చెయ్యి దించుకుని, కింద పడ్డ దారం ముక్కలు నాలుగు ఏరుకుని, "ఇగ నన్ను పిలుస్తలేవు" అంది.

"అందుతోంది గదా అత్తమ్మా" అన్నాను నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది, దారం ముక్కలు పట్టుకుని వెళ్లిపోయింది. నేను మళ్లీ మిషను తొక్కబోయి ఆగాను. ఇన్నేళ్లూ నేను లైటు కోసం పిలుస్తున్నానని అనుకున్నాను. ఆమె ఎక్కడున్నా వచ్చేది ఆ పిలుపు కోసమని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నాకు నా మీదే జాలేసింది, ఆమె మీద అంతకన్నా ఎక్కువ ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. రోజూ పొద్దు గూకగానే ఆమె స్టూలు మీద నుంచి లేచి, చెయ్యెత్తి వాకిలి లైటు వేస్తుంది. వేసి ఒకసారి ఇంటి లోపలికి, ఒకసారి రోడ్డు వైపుకు చూసి మళ్లీ కూచుంటుంది. ఆ ఒక్క బోర్డూ ఆమె చేతికి అతికినట్టు సరిపోతుంది. నాకు ఒక అనుమానం వచ్చి, ఫోన్‌లో ఆ ఆదివారపు ఫొటో తీసి, ఆమె పక్కన కూచుని అడిగాను.

"అత్తమ్మా, ఆ రోజు జరగమంటే ఎందుకు జరగలేదు?"

ఫొటో వంక చూడకుండానే, "ఎండ గొడుతుంటె నీడకు నిలబడ్డ పిల్లా" అంది.

ఫొటోలో నీడ ఎక్కడా లేదు. ఎండంతా ఆమె ముఖం మీదే పడి, కళ్లు చికిలించుకుని ఉంది. నేను ఫోన్ ఆపేశాను.

సరిగ్గా ఆ వారంలోనే ఎలక్ట్రిషన్ వచ్చాడు, సుత్తీ ఉలీ పట్టుకుని, రావడం ఆలస్యమైనందుకు తలగోక్కుంటూ. మధ్యాహ్నం ఎండ దంచుతోంది. అత్తమ్మ బోర్డు కింద స్టూలు మీద ఉంది. ఆయనను చూసి లేచి, స్టూలు చేతిలోకి తీసుకుని పక్కకు జరిగింది. "కొట్టు బిడ్డా. ఆమెకు అందుతలేదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. స్టూలు మాత్రం కింద పెట్టలేదు.

ఆయన ఉలి గోడకు ఆనించాడు.

"వద్దన్నా" అన్నాను. "ఛాయ్ తాగి పో."

"గదేందక్కా? అన్ని ఫోన్లు జేసి తిడితివి గద, అందుతలేదని."

"అది నా బోర్డు కాదులే" అన్నాను.

ఆయన నా వంకా అత్తమ్మ వంకా చూసి, ఉలి సంచిలో వేసుకుని మెట్ల మీద కూచున్నాడు. నేను వంటింట్లోకి వచ్చి, ఛాయ్ పెట్టడానికి స్టవ్ వెలిగించాను. కిటికీలోంచి బయటికి వినబడేలా పిలిచాను.

"అత్తమ్మా, జర వాకిలి లైటెయ్యి."

"పట్టపగలు లైటేందే, పిచ్చి గిట్ల లేసిందా నీకు?" అంది ఆమె. అంటూనే స్టూలు కింద పెట్టిన చప్పుడు, వెంటనే టిక్కుమని స్విచ్చి చప్పుడు వినబడ్డాయి.